దేవనాథన్ ఆపని మైకు

ఆ రోజు పొద్దున దేవనాథన్ ఒకే ఒక్క పని మనసులో పెట్టుకొని బస్టాండుకు వచ్చాడు. సాయంత్రం పెద్ద ఆఫీసరు గిరిప్రసాద్ తనిఖీకి వస్తున్నాడు. బస్సులు వేళకు కదులుతున్నాయా లేదా అని చూస్తాడు. ఆయన వచ్చేలోపు బస్టాండులో ఎండిపోయిన మంచినీళ్ళ కుళాయిని బాగు చేయించాలి. అంతకు మించి ఆశ లేదు.

నాయుడుపేట దారిలో ఉన్న ఆ చిన్న ఊరి బస్టాండుకు అతను ఇన్‌చార్జిగా వచ్చి రెండు నెలలయింది. తరతరాలుగా గుళ్ళో కైంకర్యం చేసుకున్న కుటుంబం. మనిషి నెమ్మది. మైకులో బస్సుల పేర్లు చదవమంటే గంట మోగినట్టు చదువుతాడు గానీ, ఎదురుగా ఉన్న మనిషికి ఒక పని చెప్పాలంటే మాట గొంతులోనే నిలబడిపోతుంది. ఎండలు ముదిరి జనం నీళ్ళకు అల్లాడుతుంటే, చెప్పవలసిన వాళ్ళందరి దగ్గరికీ పోయి, నవ్వి, నమస్కారం పెట్టి, విషయం చెప్పకుండానే తిరిగి వచ్చేవాడు.

తొమ్మిదిన్నరకు తిరుపతి బస్సు వస్తుందని మైకులో చెప్పాడు. అదే నిమిషాన భార్య నారాయణి ఫోన్ చేసింది. చంద్రగిరి నుంచి ఆమె చెల్లెలి కుటుంబం భోజనానికి వస్తోంది. దేవనాథన్ ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్నాడు. మైకు ఆపడం మరిచిపోయాడు.

అతని మాటలు మాత్రం బస్టాండంతా ఖంగున మోగాయి.

"ఎంతమంది వస్తే ఏమి? వచ్చినోళ్ళందరికీ కడుపు నిండా పెట్టాల. పన్నెండు గంటలకంతా పులిహోర, దద్దోజనం తయారుగా ఉండాల. ఎవరినీ ఆకలితో పంపకూడదు."

బస్సు ఎక్కబోతున్న వాళ్ళు మెట్టు మీద ఆగిపోయారు.

"తలుపుకు అడ్డంగా ఉండే ఆ పాత బీరువాను ఎత్తి బయట పడేయించు. ఎన్నాళ్ళు పెట్టుకుంటాం దాన్ని? ... నా సంగతి అడగొద్దు. ఈడ కుళాయి ఎండిపోయి ఉండాది. ముసలోళ్ళు, బిడ్డలు దప్పికతో అల్లాడతా ఉంటే సూడలేకుండా ఉండాను. ఎవరికన్నా చెప్దామంటే నాకు నోరు రాదు. ఇంక ఆ గిరిప్రసాద్ సార్ మీసం సూస్తేనే నాకు సగం ప్రాణం పోతాది."

ఫోన్ పెట్టేసి, పైన గడగడలాడే ఫ్యాను కింద పనిలో మునిగిపోయాడు. ఆ ఫ్యాను మోతకు బయట ఏం జరుగుతోందో అతనికి తెలియలేదు.

బయట చాలా జరుగుతోంది. వరదయ్య అనే బోరు మెకానిక్కు నాయుడుపేట పోవడానికి పనిముట్ల సంచితో కూర్చుని ఉన్నాడు. "ఇంత పెద్దాయన నోరు విడిచి అడిగినాడు, మనం సూస్తా కూచుంటే బాగుండదప్పా" అని లేచి, కుళాయి విప్పాడు. ఏ నట్టు తిప్పాడో గానీ నీళ్ళు ఒక్కసారిగా పైకి లేచి, నాయుడుపేట బస్సు కిటికీల్లోంచి లోపల కూర్చున్న వాళ్ళందరికీ తలంట్లు పోశాయి. రెండోసారి తిప్పేసరికి దారికి వచ్చి, కుళాయిలోంచి ధారగా పడ్డాయి.

సార్ చెప్పింది దీని గురించేననుకొని, కండక్టర్లు, డ్రైవర్లు కలిసి బస్టాండు మూలన తుప్పు పట్టిన బీరువాను బయటికి మోసుకుపోయారు. దాని వెనక ఆడవాళ్ళ విశ్రాంతి గది తలుపు ఉంది. అలాంటి గది ఒకటి ఉందన్న సంగతే అందరూ మరిచిపోయారు. తలుపు తీసి చూస్తే లోపల బెంచీలు, ఫ్యాను కూడా ఉన్నాయి. ఆడవాళ్ళు చీపుర్లు తెచ్చి చిమ్మేసి, పిల్లల్ని పడుకోబెట్టుకున్నారు.

ఒక్కటే చిక్కు. పన్నెండుకు పులిహోర అన్నారు కాబట్టి ఎవరూ బస్సు ఎక్కడం లేదు. జనం లేని బస్సును ఎందుకు తోలడమని డ్రైవర్లు కూడా బండ్లు ఆపేసి వరసలో నిలబడ్డారు. ఊళ్ళోంచి కూడా మనుషులు టిఫిన్ క్యారియర్లతో దిగుతున్నారు.

పదకొండు గంటలకు కండక్టరు రూపశ్రీ పరుగున లోపలికి వచ్చింది. "సార్, పులిహోర యాడ వండిస్తా ఉండారు? వరస రోడ్డు దాకా పోయింది!"

"ఏం పులిహోర?"

రూపశ్రీ బల్ల మీది మైకు వైపు చూసింది. దాని ఎర్రదీపం ఇంకా వెలుగుతూనే ఉంది. దేవనాథన్ చెయ్యి చాపి దాన్ని ఆపాడు. అప్పటికి ఆపడానికి అందులో ఏమీ మిగల్లేదు.

పొరపాటైందని చెప్పి అందరినీ పంపేద్దామని లేచాడు. గుమ్మం దాటేసరికి, ఒక ముసలమ్మ కుళాయి కింద దోసిలి పట్టి, కళ్ళు మూసుకొని నీళ్ళు తాగుతోంది. ఆమె పేరు పోలేరమ్మ. తాగి, తడి చెయ్యి అతని తల మీద పెట్టింది. "సల్లగా ఉండు నాయనా" అంది. చెప్పదలచిన మాట మళ్ళీ గొంతులోనే నిలబడిపోయింది.

ఇంతలో బస్టాండు హోటల్ నడిపే చంద్రకాంతమ్మ గరిటె పట్టుకొనే వచ్చింది. "ఏం సార్, నా మింద ఏం కోపం నీకు? ఊరంతా నువ్వే పెడితే నా హోటల్‌కి ఎవరొస్తారు? పొద్దున్నుంచి ఈగలు తోలుకుంటా ఉండా!"

దేవనాథన్ ఆమెను పక్కకు తీసుకుపోయి ఉన్న సంగతంతా చెప్పాడు. చంద్రకాంతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"నీ మాట నమ్మి ఇంతమంది నిలబడినారు. వాళ్ళ ముందు నిన్ను తలదించుకోనిస్తానా? పొయ్యి మీద పెద్ద డేగిసా ఎక్కిస్తా. మనిషిని పంపు, చింతపండు నలిపేదానికి."

ఒక్క మనిషి కాదు, పదిమంది వచ్చారు. చింతపండు గంపతో సంతకు పోతున్న ఆవిడ గంప అక్కడే దించింది. రూపశ్రీ విజిల్ ఊదుతూ, కేకలేస్తూ వరసను చక్కబెట్టింది. అప్పుడు నారాయణి మళ్ళీ ఫోన్ చేసింది.

"ఏమండీ, బస్టాండులో భోజనాలంట కదా! మన వీధి మొత్తం ఆడికే పోయినారు. మా చెల్లెలు వాళ్ళు బస్సు దిగి ఆడే వరసలో నిలబడినారంట. నేను చేసింది ఎవరికి పెట్టేది?"

"గిన్నెలతో సహా ఆటోలో వచ్చేయ్" అన్నాడు దేవనాథన్. ఆ మాట అతని నోట్లోంచి ఇంత గట్టిగా ఎలా వచ్చిందో అతనికే అర్థం కాలేదు.

సాయంత్రం రావలసిన గిరిప్రసాద్ రెండు గంటలకే జీపు దిగాడు. ఎక్కడివక్కడ ఆగిపోయిన బస్సులు, ఎండలో బీరువా, విస్తళ్ళ ముందు డ్రైవర్లు కనిపించారు. మీసం ఒకసారి అదిరింది.

"ఎవరు చేయించినారు ఇదంతా?"

దేవనాథన్ ముందుకు వచ్చాడు. "నేను ఏమీ చేయించలేదు సార్. మైకు ఆపడం మరిచిపోయినాను. తప్పు నాది. పనులన్నీ వీళ్ళు చేసినారు. ఏ శిక్ష వేసినా నాకే వేయండి."

"అట్టెట్టా?" అని వరదయ్య అడ్డొచ్చాడు. "ఆయన చెప్పబట్టే కదా మేం చేసింది!"

పోలేరమ్మ ఆఫీసరు ముందుకు వచ్చి ఆయన మొహంలోకి ఎగాదిగా చూసింది. "నీ మీసం సూస్తేనే మా సార్‌కి సగం ప్రాణం పోతాదంట. రోంత నవ్వు నాయనా, మనిషి బతుకుతాడు."

దేవనాథన్ కళ్ళు మూసుకున్నాడు. తెరిచేసరికి గిరిప్రసాద్ నిజంగానే నవ్వుతున్నాడు. ఆయన విశ్రాంతి గదిలోకి తొంగి చూసి, నిద్రపోతున్న పిల్లల్ని చూసి, చప్పుడు కాకుండా వెనక్కి వచ్చాడు.

"ఇన్నేండ్లుగా మీటింగుల్లో మైకు పెట్టుకొని మాట్లాడతా ఉండానయ్యా. నా మాటకు ఒక్క నట్టు కూడా తిరగలేదు" అన్నాడు. తర్వాత చంద్రకాంతమ్మ ఇచ్చిన ఆకు పట్టుకొని, డ్రైవర్ల పక్కన కూర్చున్నాడు. తిన్నాక, ఇంత పని చేసిన మనిషి ఇంత చిన్న చోట ఉండకూడదని, తిరుపతికి మార్పిస్తానని చెప్పాడు.

దేవనాథన్ చుట్టూ చూశాడు. కుళాయి బాగు చేసిన వరదయ్య, గొంతు బొంగురుపోయిన రూపశ్రీ, చేతులకు పసుపంటిన చంద్రకాంతమ్మ, వడ్డించి అలసిపోయిన నారాయణి. అతని కళ్ళు తడిశాయి. "వద్దు సార్. వీళ్ళు నన్ను మనిషిగా నిలబెట్టినారు. నన్ను ఈడే ఉండనీండి" అన్నాడు, అందరికీ వినబడేలా.

గిరిప్రసాద్ అతని భుజం తట్టి జీపు ఎక్కాడు. ఆ రోజు ఆ బస్టాండు నుంచి ఒక్క బస్సూ వేళకు కదల్లేదన్న మాట ఆయన రాసిన తనిఖీ రిపోర్టులో ఎక్కడా కనబడలేదు.