ఎవరిదో శనగ చేను

ఆ ఆదివారం పొద్దున ఆకాశం కిందికి దిగి చెరువు మీద కూర్చుంది. కట్ట మీద నిలబడితే నీళ్లు కనపడవు, నీళ్ల అవతల తుమ్మచెట్లు కనపడవు. మంచులోంచి బాతుల అరుపులు మాత్రం వినిపిస్తున్నాయి. గురవయ్య తలకు తువ్వాలు చుట్టుకుని, పార భుజాన వేసుకుని కట్ట ఎక్కాడు. అతని పని చిన్నది. శనగలో కలుపు తీయాలి, పెళ్లాం అలివేలమ్మ సద్ది తెచ్చేలోపు ముగించాలి.

ఆ శనగ చెరువు లోపల ఉంది. నీళ్లు వెనక్కి జరిగిన కొద్దీ తడి నేలలో విత్తనం వేసుకోవడం అతని నాయన కాలం నుంచీ ఉన్నదే. ఏటా ఇంటికి నికరంగా వచ్చే పంట అదొక్కటే. ఆ భూమికి కాగితం లేదు. ఊళ్లో అందరికీ తెలుసు, ఎవరూ ఆ మాట ఎత్తరు. పక్క చేను మస్తానయ్యది. దానికీ కాగితం లేదు.

కట్ట మీద స్కూటీ ఒకటి ఆగి ఉంది. పక్కన మూడు కాళ్ల స్టాండు, దాని మీద గొట్టం, గొట్టం వెనక టోపీ పెట్టుకున్న ఆడమనిషి. గొట్టం మూతి సరిగ్గా శనగ వైపే ఉంది.

గురవయ్య పారను కంపచెట్టు వెనక పడేసి వచ్చాడు.

"ఎవురమ్మా నువ్వు?"

"నా పేరు తనూజ, పెద్దాయనా. మార్కాపురంలో కాలేజీలో పాఠాలు చెప్తాను. పక్షుల్ని లెక్కపెట్టడానికి వచ్చినా."

"లెక్కపెట్టి?"

"ఫోన్లో ఎక్కిస్తాను. సముద్రం ఒడ్డు నుంచి నల్లమల దాకా, చలికాలంలో ఏ చెరువులో ఏ పక్షులు దిగినాయో చూస్తున్నాం."

"దీనికి జీతమేమన్నా ఇస్తారా?"

"ఏమీ ఇయ్యరు. సరదాకి."

అప్పటిదాకా గురవయ్యకు సగం అనుమానమే ఉంది. సరదాకి అనేసరికి మిగతా సగం కూడా వచ్చింది.

గొర్రెలు తోలుకొస్తున్న మస్తానయ్యను కట్ట కిందే ఆపాడు.

"పిట్టల కోసం మార్కాపురం నుంచి చీకట్లో బండేసుకొని వచ్చిందంట. సరదాకంట!"

"నువ్వు నమ్మినావా బావా?"

"నమ్మితే నీకెందుకు చెప్తా?"

మస్తానయ్య నోట్లో వేపపుల్లను ఆ దవడ నుంచి ఈ దవడకు మార్చాడు. "ముందు పిట్టలున్నాయంటారు. మళ్ల పిట్టలకు మనతో ఇబ్బంది అంటారు. ఆనక కంచె వేస్తారు. పిట్ట లోపల, మనం బయట."

"అయితే ఏం జేద్దాం?"

"పిట్టలే లేకపోతే దేన్ని లెక్కపెడతది?"

మంచు విడిచేదాకా ఆగుతానని తనూజ ఫ్లాస్కు తీసి టీ పోసుకుంటోంది. ఆలోపే పని కావాలి. ముందు మస్తానయ్య గొర్రెల్ని నీళ్లలోకి తోలాడు. అవి అంచు దాకా పోయి, కాళ్లు తడవగానే వెనక్కి తిరిగి, అతన్నే అనుమానంగా చూశాయి. తర్వాత గురవయ్య ఒడిసెలలో రాయి పెట్టి గిరగిరా తిప్పి విసిరాడు. మంచులో ఎక్కడో బుడుంగుమంది. బాతులు ఒకసారి గోల చేసి, కొంచెం జరిగి, మళ్లీ సర్దుకున్నాయి. ఇక లాభం లేదని మస్తానయ్య ఇంటికి పరిగెత్తి, దీపావళికి మిగిలిన బాంబులు పట్టుకొచ్చాడు.

మొదటిది పేలేసరికి చెరువు చెరువంతా లేచింది. అప్పుడే ఎండ కూడా వచ్చింది. మంచు చిరిగిపోయి, పైనంతా రెక్కలే.

ఆమె ఈపాటికి గొట్టం మడుస్తూ ఉంటుందని ఇద్దరూ కట్ట ఎక్కారు. తనూజ తల పైకెత్తి, పెదవులు కదుపుతూ వేళ్లు మడుస్తోంది. లెక్క ముగించి వీళ్ల వైపు తిరిగింది.

"ఎవరు పేల్చింది?"

"పందుల కోసమమ్మా," అన్నాడు గురవయ్య. "అడవిపందులు."

"పొద్దునపూటా?"

"మా పందులకు రాత్రీ పగలూ లేదు," అన్నాడు మస్తానయ్య.

"దేనికొస్తాయి?"

"శనగకు."

"ఆ శనగ ఎవరిది?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవురిదో," అన్నాడు గురవయ్య.

"పక్షుల్ని ఇట్లా లేపడం మా పద్ధతి కాదు పెద్దాయనా, పాపం కూడా. అయినా ఒక మాట. నీళ్ల మీదుంటే ఒకదాని వెనక ఒకటి దాక్కుని సగమే కనపడేవి. మీరు లేపేసరికి ఒక్కటి కూడా తప్పలేదు. ఇన్ని బాతుల్ని నేను ఈ పక్క ఏ చెరువులోనూ చూళ్లేదు." ఫోన్లో ఏదో నొక్కింది. గురవయ్యకు నెత్తిన నొక్కినట్టే అనిపించింది.

తల మీద రెండు నల్ల గీతలున్న బూడిదరంగు బాతుల గుంపు చెరువు చుట్టూ తిరిగింది. నీళ్ల మీద నమ్మకం పోయినట్టుంది, కాళ్లు చాపుకుంటూ వచ్చి శనగలో దిగింది. దిగీ దిగగానే తలలు వంచింది.

"మంచుకొండలు దాటి వచ్చినాయి," అంది తనూజ.

"తిండికేనా?"

"తిండికే."

బాతులు వరసగా మేసుకుంటూ మస్తానయ్య గట్టు దాకా పోయి, అక్కడ ఆగి, వెనక్కి తిరిగాయి.

"పాపం, ఎవురిదో!" అన్నాడు మస్తానయ్య.

అంతలో గంప నెత్తిన పెట్టుకుని అలివేలమ్మ వచ్చింది. "ఏందయ్యా, మన చేలో బాతులు పడి మేస్తంటే గుంజ మాదిరి నిలబడినావు?"

"మన చేనేంది? మనకీడ చేను యాడుంది?"

అలివేలమ్మ మొగుణ్ణి చూసింది. అతని కనుబొమలు పడుతున్న తిప్పలు చూసింది. మూడు కాళ్ల గొట్టాన్ని చూసింది.

"అవును. మంచులో తెలవలేదు. మనది కాదు."

మంచు విడిచి చాలాసేపయింది.

తనూజ టోపీ సర్దుకుంది. "నాకు పక్షులు చాలు పెద్దమ్మా, పొలాలతో పని లేదు. ఆ చేను గలాయన ఉంటే, చప్పట్లు కొట్టి అదిలించుకోమని చెప్పేదాన్ని. తప్పేం లేదు. ఆయనేమో లేకపోయె. పరాయి చేలో మనం దిగితే బాగుండదు కదా."

గురవయ్య ఒక కాలు ముందుకు వేశాడు. ఇంత తియ్యగా చెప్పేవాళ్లను అతను ఎప్పుడూ నమ్మలేదు. కాలు వెనక్కి తీసుకున్నాడు.

నిలబడి చూడలేక అలివేలమ్మ కట్ట మీదే గంప దించింది. "నువ్వు కూడా తినమ్మా, ఎప్పుడనంగా వచ్చినావో." నలుగురి చేతుల్లో సజ్జ రొట్టెలు పెట్టి, మీద పప్పు వేసింది. తనూజ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది.

"శనగాకు పప్పా! ఎంత లేతగా ఉందో. ఎక్కడ కోసినారు పెద్దమ్మా?"

నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. ఎదురుగా బాతులూ తలలు వంచుకుని అదే తింటున్నాయి, రొట్టె లేకుండా.