జుమాదిల్ టోపీకి నాలుగో వైపు

గురువారం ఉదయం బురుల్ పెట్టుకున్న పని పెద్దదేమీ కాదు. బడికి వెళ్లేలోపు టీ గిన్నెలు లెక్కపెట్టాలి. ఇరవై ఉంటే చాలు. వచ్చే శనివారంతో తండ్రి పోయి ఏడాది. పదిహేడో గిన్నె చేతిలో ఉండగా ఆమె చూపు తలుపు పక్కనున్న మేకు మీద పడింది. ఏడాదిగా దానికి వేలాడుతున్న తండ్రి టోపీ అక్కడ లేదు.

అది తెల్ల ఉన్నితో చేసిన కల్పక్. ఎత్తుగా, నాలుగు వైపులతో ఉంటుంది. మూడు వైపులా నల్లదారంతో పొట్టేలు కొమ్ముల కుట్టు వేసింది బురుల్ తల్లి. నాలుగోది మొదలుపెట్టబోతూ, "టీ తాగి వచ్చి కుడతాను" అని లేచింది. టీ గిన్నె ముందు కూర్చున్నది కూర్చున్నట్టే కూలిపోయింది, మళ్లీ లేవలేదు. ఆ తర్వాత పన్నెండేళ్లు జుమాదిల్ ఆ టోపీతోనే తిరిగాడు. ఎవరైనా ఖాళీ వైపు చూపించి అడిగితే, "మా ఆవిడ టీ ఇంకా అవలేదు" అనేవాడు. నవ్వాలో వద్దో తెలియక వాళ్లు తికమకపడుతుంటే, ముందు తనే నవ్వేవాడు.

ఆయన నారిన్ లోయలో పశువుల డాక్టరు. ఆవుకు సూది వేసే ముందు యజమానికి ఒక కథ చెప్పేవాడు. భయపడేది ఆవు కాదనేవాడు. చివరి రోజుల్లో కూతురితో ఇలా అన్నాడు: "నా ఏడాది విందుకి ఇరవై మంది, ఒక గొర్రె. అంతకు మించొద్దు. పెద్ద విందని నా పేరు చెప్పి గుర్రాన్ని కోశారో, లేచి వచ్చి దానికి కుట్లు వేస్తాను." బురుల్ సరేనంది. ఆమె లెక్కల టీచరు. సరేనన్నదంటే సరే.

వంటింట్లో మేనత్త సయ్‌కల్ పిండి పిసుకుతోంది.

"అత్తా, నాన్న టోపీ ఏది?"

"నిన్న నువ్వు బడికెళ్లాక మిగిలిన బట్టలు పంచేశాను కదే. మూడు మూటలు. వాటిల్లో పోయిందేమో. నా కళ్ల సంగతి తెలుసుగా, తెల్లగా ఉన్నదల్లా తువ్వాలే నాకు."

బురుల్ చేతిలోని పదిహేడో గిన్నె కింద పెట్టేసింది. ఆ లోయలో పోయినవాడి కోటు ఇస్తారు, బూట్లు ఇస్తారు. టోపీ మాత్రం ఇవ్వరు. టోపీ గడప దాటితే ఇంటి తలే గడప దాటినట్టు.

"ఎవరెవరికిచ్చావు?"

"వెల్డింగు కుబాన్‌కొకటి. తేనెపెట్టెల కెన్జెకొకటి. ఇంకోటి తశ్తాన్‌బెక్ పెద్దాయనకి."

"వెళ్లి అడుగుతాను."

"అడుగుతావా! చచ్చినవాడి పేర ఇచ్చింది తిరిగి అడుగుతావా? జనం నీ మొహాన కాదే, నా మొహాన ఉమ్ముతారు."

బురుల్ బడి సంచి భుజాన వేసుకుంది. "అడగను. చూస్తాను. విందు నాటికి ఆ టోపీ ఆ మేకుకి ఉండాలి."

సాయంత్రం ఆమె కుబాన్ ఇంటికి వెళ్లింది. అతని భార్య అనార వెంటనే గుడ్డ పరిచి రొట్టె, మీగడ, ఆప్రికాట్ జామ్ పెట్టింది. ఏ ఇంట్లోనైనా రొట్టె ముక్క నోట పెట్టకుండా లేవకూడదు. బురుల్ నములుతూ గోడలు చూసింది. రెండు కల్పకులున్నాయి. రెండిటికీ నాలుగు వైపులా కుట్టు ఉంది. ఇక లేవాలి. ఊరికే వచ్చానంటే బాగుండదు కనుక, "వచ్చే శనివారానికి నాన్న పోయి ఏడాది" అంది.

భార్యాభర్తలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఏడాది విందుకు ముందు కూతురు స్వయంగా ఇంటికి వచ్చి, రొట్టె తిని, రోజు చెప్పిందంటే ఆ ఊళ్లో దానికి ఒకటే అర్థం.

"వస్తాం టీచరమ్మా! మా మరుదుల్ని కూడా తీసుకొస్తాం," అంది అనార.

బురుల్ నోటినిండా రొట్టె ఉంది. అది మింగేలోపు కుబాన్ లేచి నిలబడ్డాడు. "వంద మందికి వండే డేగిసాకి ఇనుప కాళ్లు నేను చేసిస్తా."

"చిన్న విందే కుబాన్..."

"జుమాదిల్ అన్నకి చిన్న విందా? మా ఆవు ఈనలేక పడుంటే, ఆయన దాని చెవిలో ఏదో చెప్పాడు. ఏం చెప్పావన్నా అంటే, 'నువ్వు వెల్డింగుకి దిగేలోపు బయటపడమని దూడకి చెప్పమన్నా' అన్నాడు!"

కెన్జె ఇంట్లో మేకుకు టోపీలే లేవు, దండిగా నిష్ఠూరం ఉంది. "ముందు కుబాన్ ఇల్లు, తర్వాత మేమా? పోన్లే, రెండు కుండల తేనె తెస్తాను. ఏటవతలి అక్కచెల్లెళ్లు కూడా వస్తారు."

తశ్తాన్‌బెక్ పెద్దాయన ఇంట్లో తొమ్మిది టోపీలున్నాయి. బురుల్ తొమ్మిదీ చూసేలోపు మూడు గిన్నెల టీ పట్టింది. ఆమె ఏమీ అనకముందే ఆయన గడ్డం నిమురుకున్నాడు.

"గుర్రం నాది."

"గుర్రం వద్దు తాతా."

"ముందు వద్దనే అంటారు."

"నిజంగానే వద్దు."

"రెండోసారీ అంటారు."

"తాతా, దండం పెడతాను, వద్దు."

పెద్దాయన కళ్లు తడయ్యాయి. "మూడుసార్లు కాదనే పిల్లలు ఈ రోజుల్లో ఎక్కడున్నారమ్మా! జుమాదిల్ పెంపకం మరి."

శుక్రవారం బడి కాపలాదారు ఆమె పలకరింపుకు బదులివ్వలేదు. ఆమె ఆగి చూస్తే, "మా ఇంటి రొట్టెలో ఉప్పు తక్కువైందా టీచరమ్మా?" అన్నాడు. మధ్యాహ్నం తమ్ముడు తాలాయ్ ఫోన్ చేశాడు. అతను నారిన్ పట్నానికి వ్యాను నడుపుతాడు.

"అక్కా, ఊరందర్నీ పిలిచావట. నా వ్యానెక్కిన ప్రతివాడూ నాకే చెబుతున్నాడు. నాకు పిలుపెప్పుడే?"

"ఎవర్నీ పిలవలేదురా. టోపీ వెతుకుతున్నాను."

"అయితే వెతకడం ఆపు. ఇంకో నాలుగిళ్లు వెతికావంటే లోయంతా వస్తుంది."

ఆపితే పిలవని ఇళ్లు బాధపడతాయి. వెళితే విందు పెరుగుతుంది. పిలవని ఇల్లు మిగిలితే తప్పు, చూడని మేకు మిగిలితే అంతకన్నా తప్పు అని బురుల్ తేల్చుకుంది. ఊళ్లో ఉన్నవి అరవై నాలుగు ఇళ్లు. గళ్ల నోటుబుక్కులో గీతలు గీసింది. ఇల్లు, టోపీలు, కుట్టు ఉన్న వైపులు. రోజుకు పన్నెండేసి ఇళ్లు తిరిగి, పన్నెండేసి సార్లు రొట్టె తింది. గురువారానికి లంగా హుక్కు పట్టడం మానేసింది.

ప్రతి ఇంట్లోనూ తండ్రి గురించి ఏదో ఒకటి చెప్పారు. మేకను నవ్వించాడన్నారు. పెళ్లిలో కాలు బెణికిన పెళ్లికొడుక్కి గుర్రానికి కట్టే కట్టు కట్టి, "ఈ నెలంతా పరుగు పందేలు వద్దు" అన్నాడట. వీటికి నోటుబుక్కులో గడి లేదు. మొదట ఆమె రాయలేదు. ఇరవయ్యో ఇంటి నుంచి అంచుల్లో రాయడం మొదలుపెట్టింది. నలభయ్యో ఇంటికి అంచులు నిండిపోయాయి. అరవై నాలుగిళ్లూ అయ్యాయి. టోపీ మాత్రం దొరకలేదు.

శనివారం వాకిట్లో నాలుగు ఉన్ని గుడారాలు లేచాయి. పదకొండు గొర్రెలు వచ్చాయి, అడగకుండానే కుబాన్ చేసిన ఇనుప కాళ్లు వచ్చాయి. కెన్జె అక్కచెల్లెళ్లు ఏడుగురని అప్పుడే తెలిసింది. తాలాయ్ మూడు వందల దాకా లెక్కపెట్టి మానేశాడు. అప్పుడు తశ్తాన్‌బెక్ ఎర్రటి ఆడగుర్రాన్ని నడిపించుకుంటూ వచ్చాడు.

బురుల్ ఎదురెళ్లి పగ్గం పట్టుకుంది. ఇరవై మంది మాట పోయింది. ఒక గొర్రె మాటా పోయింది. ఇంకొక్కటే మిగిలింది.

"తాతా, ఇది పుట్టినప్పుడు అడ్డం తిరిగింది. భుజం దాకా చెయ్యి పెట్టి నాన్నే తీశాడు."

"అందుకే దీన్నే తెచ్చానమ్మా."

"గుర్రాన్ని కోస్తే లేచి వచ్చి కుట్లు వేస్తానన్నాడు. ఈ మాట నాలుగోసారి అంటున్నాను. ఇది మర్యాదకి కాదు."

 పెద్దాయన ఊరి బయట సమాధుల గుట్ట వైపు ఒకసారి చూశాడు. "వాడు అన్నంత పనీ చేస్తాడు," అని పగ్గం వదిలేశాడు.

ముందు ఎవరో ఒకరు నవ్వారు. తర్వాత మూడు వందల మందీ నవ్వారు. ఆ వాకిట్లో నవ్వు వినబడి ఏడాదయింది. సాయంత్రం దాకా గుర్రం ఆపిల్ పళ్లు తింటూనే ఉంది. జనం జుమాదిల్ గురించి ఒకరి మాటకు ఒకరు అడ్డొస్తూ చెబుతూనే ఉన్నారు.

అందరూ వెళ్లాక బురుల్ వంటింట్లోకి వచ్చింది. "అన్ని మేకులూ చూశాను అత్తా. టోపీ లేదు."

సయ్‌కల్ తన పరుపు కింద చెయ్యి పెట్టి ఒక దిండు గలీబు తీసింది. అందులోంచి కల్పక్ తీసింది.

బురుల్ వంగి ఖాళీ వైపు చూసింది. "నీ దగ్గరే ఉందా?"

"ఉంది. ఇంటి టోపీని పరాయివాడికిస్తానటే, నాకేం మతిపోయిందా?"

"మరి ఊరంతా నన్నెందుకు తిప్పావు?"

"ఊరిని పిలవమంటే నాన్నకిచ్చిన మాటంటావు. ఏడాదై బడి, ఇల్లు తప్ప మరో గడప తొక్కలేదు. టోపీ పోయిందంటే మాత్రం ఊరు తవ్వుతావని తెలుసు."

"నాన్న ఇరవై మందన్నాడు!"

"వాడికి లెక్కలెప్పుడొచ్చాయి?"

"నువ్వు అబద్ధం చెప్పావు."

"చెప్పాను. తప్పే. ఎర్రసిరాతో దిద్దుకో." ముసలావిడ టోపీని ఒళ్లో తిప్పి ఖాళీ వైపు తడిమింది. "ఈ వారంలో ఇదైనా కుడదామనుకున్నాను. సూదిలోకి దారం ఎక్కి చావలేదు."

బురుల్ సూది తీసుకుని నల్లదారం ఎక్కించింది. మొదటి కుట్టు ఎక్కడ వేయాలా అని ఇద్దరూ దీపం కింద చాలాసేపు చూశారు.

"పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాను," అంది సయ్‌కల్. "టీ తాగి వచ్చి కుడదాం."

బురుల్ సూదిని ఉన్నిలో గుచ్చి, టోపీని మేకుకు తగిలించి, నీళ్లు పొయ్యి మీద పెట్టింది.

నాలుగో వైపు ఇంకా కుట్టలేదు.