పిండిమర మీద గుసగుస

ఆ ఉదయం డైరెక్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదకొండు గంటలకు గొడుగుల కంపెనీ పెద్దమ్మగారు వస్తారు. ఆవిడకు రిహార్సల్ గది చూపించాలి. నాటక సంస్థకు సొంత ఇల్లు ఎంత అవసరమో ఆవిడ మనసుకు ఎక్కించాలి. మధ్యాహ్నానికి ఇంటికొచ్చి భోంచేయాలి. అంతే.

దానికన్నా ముందు ఒక మంచి చొక్కా కావాలి.

"ఏవండీ, ఆ బీరువా తియ్యకండి," అంది భార్య వంటింట్లోంచి. "మొన్న తీస్తే సైన్యం మొత్తం నా మీద పడింది."

ఆవిడ అతిశయోక్తి చెప్పలేదు. బీరువాలో ఇద్దరు రాజుల దుస్తులు, ఒక పటాలం, ఒక ముని గడ్డం ఉన్నాయి. కిరీటం వంటింటి అలమారలో చక్కెర డబ్బా పక్కన ఉంది. డైరెక్టరు చొక్కాలు మంచం కింద పెట్టెలో ఉన్నాయి. భార్య బట్టలు ఎక్కడున్నాయో అడిగే ధైర్యం ఆయనకు ఎప్పుడూ కలగలేదు.

"ఇవాళ్టితో ఏదో ఒకటి తేలిపోవాలి," అంది ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి. "సాయంత్రానికి ఈ ఇంట్లో మీ రాజులైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"రాజులకి వేరే దిక్కు లేదే."

"నాకుంది. మా తమ్ముడి ఇల్లు వీధి చివరే."

డైరెక్టరు నలిగిన చొక్కానే తొడుక్కుని బయటపడ్డాడు.

సంస్థ వయసు ఇరవై ఏళ్ళు. దాని కాపురం మాత్రం నాలుగు ముక్కలు. దుస్తులు డైరెక్టరు ఇంట్లో. సెట్లు ఊరి చివర వడ్రంగి షెడ్డులో. లైట్లు ఒక టైర్ల దుకాణం అటక మీద. రిహార్సళ్ళు బావమరిది పిండిమర మీది మేడగదిలో. ప్రదర్శన రోజున అన్నీ తలో దిక్కు నుంచి తలో బండిలో బయలుదేరేవి. కిరీటం, సింహాసనం, రాజు తెర లేచేలోగా ఒకచోట కలుసుకున్న దాఖలా లేదు. కిందటిసారి సింహాసనం ఇంకో హాలుకు వెళ్ళిపోతే రాజు లారీ టైరు మీద కూర్చుని తీర్పు చెప్పాడు. ఇల్లు కట్టుకోవడానికని వేసిన ప్రతి నాటకం వసూళ్ళూ ఆ బండ్ల అద్దెకే చెల్లు. ఇల్లు లేనందువల్ల బండ్లు, బండ్లవల్ల ఇల్లు లేకపోవడం. కుక్క తన తోక పట్టుకోవడానికి తిరిగినట్టు సంస్థ ఇరవై ఏళ్ళుగా తిరుగుతోంది.

ఇంకో చిక్కు ఉంది. కింద మర తిరుగుతుంటే పైన మాట వినపడదు. అందుకని ప్రేమ సన్నివేశాలు కూడా అరిచే నేర్చుకున్నారు. ఇరవై ఏళ్ళలో సంస్థలో అందరూ గొంతు తగ్గించడం మరిచిపోయారు. రాజు వేషం వేసే ఆయనది పగలు గ్రంథాలయంలో ఉద్యోగం. ఊరంతా ఆయన్ని రాజుగారనే పిలుస్తారు. ఆయన మెల్లగా "కాస్త నిశ్శబ్దం" అంటే చదువుకునేవాళ్ళ చేతుల్లో పుస్తకాలు జారిపోయేవి.

"మీ నాటకాలన్నీ చూశాను," అని పెద్దమ్మగారు ఫోనులో అన్నారు. "ఎప్పుడూ చివరి వరసే నాది. గది చూస్తాను. నిజంగా అవసరమనిపిస్తే ఇల్లు నేను కట్టిస్తాను. అనిపించకపోతే ఏమీ అనుకోకండి."

నిజంగా అవసరమనిపిస్తే. ఆ మాట డైరెక్టరు చెవిలో వారం రోజులుగా తిరుగుతోంది.

మేడగది తలుపు తీయగానే ఆయన గుండె జారిపోయింది. గది మెరిసిపోతోంది. గోడలకు తెల్లగా సున్నం. కిటికీలకు కొత్త రంగు. నేల మీద మొహం చూసుకోవచ్చు.

"ఎలా ఉంది బావా?" అంటూ బావమరిది వెనక నుంచి వచ్చాడు. ఒళ్ళంతా పిండి. "పెద్దావిడ వస్తున్నారని అక్క చెప్పింది. నీ పరువు నా పరువు కాదూ?"

"ఎంత పని చేశావురా," అన్నాడు డైరెక్టరు.

"మన మధ్య థాంక్సులెందుకు బావా," అంటూ బావమరిది కిందికి దిగిపోయాడు. పోయిన నెల కొన్న పెద్ద మరను క్షణం సేపు వదిలినా అతనికి మనశ్శాంతి ఉండదు. ఈ పాత కట్టడం దాని అదురుకు తట్టుకోదని వీధిలో అందరూ చెప్పారు. అతను వినలేదు. కాని రాత్రుళ్ళు నిద్రపోవడమూ మానేశాడు.

డైరెక్టరు గది మధ్యలో నిలబడ్డాడు. ఈ గదిని చూసి ఎవరు జాలిపడతారు? ఇక్కడ పెళ్ళి చేసుకోవచ్చు. ఇంకొకడైతే పెద్దమ్మగారిని తిన్నగా తన బీరువా ముందుకు తీసుకెళ్ళి తలుపు తీసి, పక్కకు తప్పుకునేవాడు. కాని ఆయన నాటకాలవాడు. నిజానికి కూడా సెట్టు వేస్తేనే నమ్ముతారని ఆయన నమ్మకం.

సెట్లకు రంగులు వేసే పెయింటరును పిలిచాడు.

"గోడల మీద పగుళ్ళు కావాలి."

"ఏ నాటకానికి సార్?"

"ఇవాళ్టి నాటకానికే. ఎప్పుడు కూలిపోతుందో అన్నట్టుండాలి. అవసరం తీరాక తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోవాలి."

పెయింటరు కళ్ళు మెరిశాయి. ఇన్నేళ్ళలో అతని పనిని జనం యాభై అడుగుల దూరం నుంచే చూశారు. బొగ్గుపొడి, బూడిదరంగు నీళ్ళలో కలిపి కుంచె పట్టాడు. మొదటి పగులు కిటికీ మూల నుంచి మెరుపులా దిగింది. రెండోది తలుపు మీదుగా పాకింది. మూడోది గోడ మధ్యలో నోరు తెరిచింది. చూస్తున్న డైరెక్టరు తెలియకుండానే రెండడుగులు వెనక్కి వేశాడు.

గ్రంథాలయానికి సెలవు పెట్టి వచ్చిన రాజుగారిని మెట్ల దగ్గర కాపలా పెట్టారు. బావమరిది వస్తే కేకెయ్యాలి. కేక వేయడంలో రాజుగారిని మించినవాడు లేడు. కాని ఒక విషయం ఎవరికీ తట్టలేదు. ప్రస్తుతం తయారవుతున్న నాటకంలో రాజు కోట బురుజు మీద నిలబడి శత్రువును చూసి "వస్తున్నాడు! అడుగో, వస్తున్నాడు!" అని అరవాలి.

పదిన్నరకు బావమరిది కుర్చీ ఒకటి పట్టుకుని మెట్లెక్కాడు.

"వస్తున్నాడు! అడుగో, వస్తున్నాడు!" అన్నారు రాజుగారు.

"బాగుంది," అని లోపల్నుంచి డైరెక్టరు బదులిచ్చాడు. "రెండోసారి కాస్త భయం తగ్గించండి. మీరు రాజు."

"గురువుగారూ, నిజంగానే వస్తున్నాడు!"

"కొత్త మాటలు చేర్చకండి. రాసిందే చెప్పండి."

తలుపు తెరుచుకుంది. బావమరిది గోడలు చూశాడు. కుర్చీ చేతిలోంచి జారింది. అతను అరవలేదు, తిట్టలేదు, ఏమిటిదని అడగలేదు. అడగడానికేముంది? నెల రోజులుగా కలలో చూస్తున్నదే గోడ మీద కనిపించింది. వెనక్కి తిరిగి, పిల్లిలా అడుగులేస్తూ కిందికి దిగి, మెయిన్ స్విచ్ ఆపేశాడు.

ఇరవై ఏళ్ళలో పని వేళలో మర ఆగడం అదే మొదలు. వీధి వీధంతా తలెత్తి చూసింది.

"అందరూ బయటికి," అన్నాడు బావమరిది. "ఎవరూ తుమ్మకండి. మేడ పడిపోతోంది."

పిండి పట్టించుకోవడానికి వచ్చినవాళ్ళు సంచులతో వీధిలో పడ్డారు. పక్కనున్న దర్జీ కుట్టుమిషను భుజాన వేసుకుని దూకాడు. బావమరిది మున్సిపాలిటీ ఇంజనీరుకు ఫోను చేశాడు. ఆ తర్వాత అక్కకు చేశాడు. మాటలు సరిగా రాక "మేడ... బావ..." అని పెట్టేశాడు.

డైరెక్టరు పరుగున దిగి వచ్చాడు. ఇది రంగేనని చెప్పడానికి నోరు తెరిచాడు. జనం చుట్టూ మూగి ఉన్నారు. బావమరిది ఆయన చేతులు పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంటున్నాడు.

"నువ్వు బతికున్నావు, అది చాలు బావా. మరను అమ్మేస్తాను."

ఆ పరిస్థితిలో నిజం చెప్పగల మొనగాడు ఎవరో కాని, డైరెక్టరు మాత్రం కాదు. పది నిమిషాలాగి చెప్దామనుకున్నాడు. పది నిమిషాల్లో కబురు ఊరు చుట్టింది.

ముందుగా భార్య వచ్చింది. అలమార సర్దుతూ ఉన్నపళాన పరిగెత్తుకొచ్చిందేమో, చేతిలో కిరీటం ఉంది. మొగుణ్ణి చూడగానే నిలబడిపోయి ఊపిరి పీల్చుకుంది.

"ఉన్నారా," అంది. "అయితే పొద్దున అన్న మాట అలాగే ఉంది."

తర్వాత వడ్రంగి వచ్చాడు. కూలే మేడకు ఊతం పెట్టడానికని షెడ్డులోని దుంగలన్నీ బండికెత్తించాడు. కంగారులో సింహాసనం, సగం కోట, ఒక చెట్టు కూడా బండెక్కాయి. ఆ వెనకే టైర్ల దుకాణంవాడు శిథిలాల్లో వెతకడానికి పనికొస్తాయని స్టేజీ లైట్లన్నీ మోసుకొచ్చాడు. దించడానికి చోటు లేక సింహాసనాన్ని నడివీధిలో దించారు. రాజుగారు దానిమీద కూలబడ్డారు. చేతులు ఖాళీ చేసుకోవడానికి డైరెక్టరు భార్య కిరీటం ఆయన తలమీద పెట్టింది.

సరిగ్గా అప్పుడే గొడుగుల కంపెనీ పెద్దమ్మగారు, కారు లోపలికి రాలేక నడిచి వచ్చారు. తెల్లటి జుట్టు, చేతిలో నల్ల గొడుగు. ఆవిడ పక్కనే ఇంజనీరు. ఇద్దరూ జనాన్ని తప్పుకోమంటూ సింహాసనం దాకా వచ్చి ఆగారు.

"పగుళ్ళు ఎక్కడ?" అన్నాడు ఇంజనీరు.

ఇక లాభం లేదనుకుని రాజుగారు పక్కనున్న డైరెక్టరు చెవి దగ్గరికి వంగారు. ఇరవై ఏళ్ళ సాధనలో తనకు తెలిసినంత మెల్లగా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, రహస్యంగా అన్నారు:

"గురువుగారూ, ఆ పగుళ్ళు మన పెయింటరు వేసిన బొగ్గుపొడి అని ఈ ముసలావిడకి తెలిస్తే మన కొంప మునుగుతుంది."

మర ఆగి ఉంది. దర్జీ విన్నాడు. సంచులవాళ్ళు విన్నారు. వీధి చివర నిద్రపోతున్న కుక్క లేచి కూర్చుంది.

"బొగ్గుపొడా?" అన్నాడు బావమరిది.

డైరెక్టరు నేల చూశాడు. ఆయన భార్య ఆకాశం చూసింది. ఇంజనీరు మాత్రం ఒక బకెట్టు నీళ్ళు, గుడ్డ అడిగి పైకెళ్ళాడు. వెనకాలే అందరూ ఎక్కారు. మెరుపులాంటి పగులు తుడిస్తే పోయింది. తలుపు మీదిది పోయింది. నోరు తెరిచింది నోరు మూసుకుంది. మూలన సున్నం కింద సన్నగా కనిపిస్తున్న నాలుగోది తుడిచాడు. పోలేదు. మళ్ళీ తుడిచాడు. సున్నం పోయింది, పగులు మిగిలింది.

"దీనికి వేరే రంగు వాడారా?" అన్నాడు ఇంజనీరు.

పెయింటరు దగ్గరికి వెళ్ళి చూశాడు. "నేను మూడే వేశాను సార్," అన్నాడు. తర్వాత కొంచెం నొచ్చుకున్నట్టు, "ఇది నా పని కాదు. గీతలో జీవం లేదు," అన్నాడు.

ఇంజనీరు ఆ పగుల్లో వేలు పెట్టాడు. వేలు సగం వెళ్ళింది. పెద్ద మరను ఇవాళే దించేయాలన్నాడు. మేడగదిలో ఇక ఎవరూ గెంతడానికి, అరవడానికి వీల్లేదన్నాడు. ఇంకో నెల అలాగే నడిపి ఉంటే మేడ మర మీదే ఉండేదన్నాడు. డైరెక్టరు మెడ పట్టుకోవడానికి రెండడుగులు ముందుకేసిన బావమరిది, అక్కడే ఆగి ఆయన్ని కావలించుకున్నాడు.

"అబద్ధమాడి మా ప్రాణాలు కాపాడావు బావా."

డైరెక్టరుకు మాత్రం ఒకటే అర్థమైంది. నాలుగు చోట్లలో ఒకటి పోయింది. ఇల్లు వస్తుందని వచ్చినవాడికి ఉన్న గది ఊడింది. ఆయన పెద్దమ్మగారి ముందు నిలబడ్డాడు.

"తప్పయింది. మీకు చూపించడానికి మాకేమీ లేదనుకున్నాం."

పెద్దమ్మగారు కిటికీలోంచి కిందికి చూస్తున్నారు. వీధిలో సింహాసనం, సగం కోట, లైట్లు, చెట్టు.

"అవన్నీ ఎక్కడెక్కడి నుంచి వచ్చాయి?"

డైరెక్టరు చెప్పాడు. షెడ్డు గురించి, టైర్ల దుకాణం గురించి చెప్పాడు. మిగతాది ఆయన భార్య ఎదురుగా నిలబడి గట్టిగా చెప్పింది. బీరువాతో మొదలుపెట్టి ముని గడ్డం దాకా ఒక్కటీ వదల్లేదు.

"ఇది చెప్తే చాలదటయ్యా? మళ్ళీ ఈ పగుళ్ళెందుకు?" అన్నారు పెద్దమ్మగారు. తర్వాత రాజుగారి వైపు తిరిగారు. "ముసలావిడ అన్నది మీరేగా?"

రాజుగారు కిరీటం తీసి చేత్తో పట్టుకున్నారు.

"నాకు పదేళ్ళుగా చెముడు," అన్నారు ఆవిడ. "అన్ని నాటకాలకీ వెళ్తాను. పెదవులు కదలడం చూసి వస్తాను. మీ నాటకాల్లో మాత్రం చివరి వరసలో ఫ్యాను కింద కూర్చున్నా ప్రతి మాటా వినిపిస్తుంది. ఇంట్లో నా కోడళ్ళు గుసగుసలాడుకుంటే ఒక్క ముక్క అందదు. పదేళ్ళలో నా చెవిన పడ్డ మొదటి రహస్యం ఇవాళ మీరు చెప్పిందే."

ఆవిడ మళ్ళీ కిటికీలోంచి సింహాసనం వైపు చూశారు.

"మా గోదాము పక్కన స్థలముంది. బట్టలకొక గది, లైట్లకొక గది, కోటకొక గది. అన్నీ ఒకే కప్పు కింద. కట్టిస్తాను. ఒకే ఒక్క షరతు." ఆవిడ గొడుగు కొనతో నేలను తట్టారు. "మర కూడా రావాలి. అది తిరుగుతున్నప్పుడే రిహార్సల్ చెయ్యాలి. నిశ్శబ్దంలో సాధన చేసి మీ గొంతులు పాడుచేసుకుంటానంటే పైసా ఇవ్వను."

ప్రశాంతమైన గదిలో ఒక్క రిహార్సల్ చేయాలన్నది డైరెక్టరు ఇరవై ఏళ్ళ కల. ఆయన భార్య వైపు చూశాడు. ఆవిడ అప్పటికే తన బట్టలు బీరువాలో ఏ అరలో పెట్టాలో ఆలోచిస్తోంది.

"సరేనండీ," అన్నాడు.

ఏడాది తిరిగేసరికి ఇల్లు లేచింది. మొదటి రిహార్సల్ రోజున రాజు, కిరీటం, సింహాసనం ఏ బండీ ఎక్కకుండా ఒకే గదిలో కలుసుకున్నాయి. పక్క గదిలో బావమరిది పెద్ద మరను ఖాళీగా తిప్పాడు. ఆ రోజు డైరెక్టరు చెప్పిన సలహాల్లో ఒక్కటి కూడా ఎవరికీ వినపడలేదు. నాటకం చాలా బాగా వచ్చింది.