చుక్క దిగలేదు

పందొమ్మిది రోజులు వరసగా పనిచేశాక బ్లీచింగ్ మాస్టారికి ఒక్క రోజు సెలవు దొరికింది. మిల్లులో మగ్గం దిగిన గుడ్డకు గంజి వదలగొట్టి, జిడ్డూ మైనమూ పోయేలా తొట్టిలో మందు పోసి ఉడకబెట్టి, రంగుకు సిద్ధం చేయడం ఆయన పని. ఆ రోజు మాత్రం మధ్యాహ్నం దాకా ముసుగుతన్ని పడుకుందామనుకున్నారు. అంతకు మించి ఆయన దేవుణ్ణి ఏమీ అడగలేదు.

ఏడున్నరకు అసిస్టెంటు ఫోన్ చేశాడు. ఉడికిన గుడ్డ మీద నీటిచుక్క వేసి చూడటం అక్కడి పద్ధతి. చటుక్కున ఇంకిపోతే గుడ్డ రంగుకు పనికొస్తుంది, గుండ్రంగా నిలబడితే ఇంకా ఉడకాలి. ఈ రోజు చుక్క నిలబడే ఉందట. యంత్రాల హోరులో అతనికి వినబడాలని మాస్టారు కళ్లు తెరవకుండానే గొంతు చించుకున్నారు.

"చుక్కేశావా? దిగట్లేదా? ఇంకో చుక్కెయ్యి. అప్పటికీ దిగకపోతే ఇంకాస్త మందు పోసి, కాసేపాగి మళ్లీ చుక్కెయ్యి."

పక్కగదిలో మామగారి చేతిలోని పేపరు జారి కిందపడింది. ఆయన రిటైరైన హెడ్మాస్టరు, కూతురింట్లో వారం రోజులు ఉందామని వచ్చారు. అల్లుడి కళ్లు ఎప్పుడూ ఎర్రగా ఎందుకుంటాయో, మాట ముద్దముద్దగా ఎందుకొస్తుందో ఆయనకిప్పుడు బోధపడింది. కూతురు అప్పటికే ఉద్యోగానికి వెళ్లిపోయింది. దాని సంసారం నిలబెట్టే భారం తన నెత్తినే పడిందనుకుని, గోడమీది మిల్లు క్యాలెండరులో నంబరు చూసి మిల్లుకు ఫోన్ చేశారు. అల్లుడు బంగారంలాంటివాడేననీ, పనివాళ్ల సావాసంతో తాగుడికి దిగాడనీ, కాస్త భయం చెప్పమనీ మేనేజరును వేడుకున్నారు.

ఆ మేనేజరు కొత్తగా హెడ్డాఫీసు నుంచి వచ్చినవాడు. గుడ్డ కట్టుకోవడమే తప్ప దాన్ని ఉడకబెడతారని కూడా సరిగ్గా తెలియదు. తిన్నగా తొట్టి దగ్గరికి వెళ్లి అసిస్టెంటును నిలదీశాడు.

"చుక్కేశావా?"

"వేశాను సార్. పొద్దుట్నుంచి పదకొండు. ఒక్కటీ దిగట్లేదు."

"ఎవరు వెయ్యమన్నారు?"

"మాస్టారే సార్. కావాలంటే మీరూ ఒకటేసి చూడండి."

మేనేజరు మొహం కందగడ్డలా అయింది. ఎవరూ దేన్నీ ముట్టుకోవద్దని ఆజ్ఞాపించి, మాస్టారి మీద ఒక కాగితం రాసి, ఆయన్ని తీసుకురమ్మని కారు పంపాడు. మాస్టారు చొక్కా బొత్తాలు ఒకదాని బదులు ఒకటి పెట్టుకుని, తూలుతూ దిగారు. వెనకే మామగారు. దారి పొడుగునా ఆయన ఎందుకు బతిమాలుతున్నారో అల్లుడికి నిద్రమత్తులో అర్థం కాలేదు.

విషయం తెలిశాక మాస్టారు నిట్టూర్చి, తొట్టిలోంచి గుడ్డ కొస తీయించి, కడిగి, అందరి ముందూ ఒక చుక్క వేశారు. టక్కున ఇంకిపోయింది. ముట్టుకోవద్దన్నారని ఆవిరి ఆపేవాళ్లు లేక, గుడ్డ గంట ఎక్కువ ఉడికి జిడ్డంతా వదిలింది. మామగారు తల దించుకున్నారు. మేనేజరు కాగితాన్ని నాలుగు ముక్కలు చేశాడు.

"పొరపాటైపోయింది మాస్టారూ. ఎలాగూ వచ్చారుగా, రంగు కూడా దగ్గరుండి వేయించెయ్యండి."

"ఆ కాగితమేమిటండీ?"

"అబ్బే, ఏడు రోజులు ఇంట్లో కూర్చోమని రాశాను. ఇక ఆ బాధ లేదు లెండి."

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువైంది. ఇకముందు ఎవరు ఏ నేరం మోపినా ముందు ఒప్పేసుకుని, అదేమిటో తర్వాత కనుక్కోవాలని తీర్మానించుకున్నారు.