కొండమీద ఓడరేవు

కొండమీద ఓడరేవు కడుతున్నట్టు మంత్రిగారు ప్రకటించారు. సముద్రం ఇక్కడికి నాలుగొందల కిలోమీటర్లని ఒక విలేకరి గుర్తుచేస్తే, అది గత ప్రభుత్వ వైఫల్యమని వివరించారు. అంత దూరదృష్టి అందరికీ ఉండదు.

ఈ ఘనకార్యానికి మూలం భూగర్భ శాఖలో పనిచేసే రాళ్ళాయన పన్ను. బురదరాయి చేతికొస్తే ఆ వృత్తివాళ్ళు కాస్త కొరికి చూస్తారు. గరగరలాడితే ఒండ్రు, మెత్తగా జారితే బంకమన్ను. మంత్రిగారు తనిఖీకొచ్చిన రోజు ఆయన ఆ పనిలోనే దొరికిపోయాడు.

"ఏంటయ్యా, జీతం చాలట్లేదా?"

"పరీక్షండీ. కోట్ల ఏళ్ళ కిందట ఇక్కడ నది పారింది. తర్వాత నేల కుంగి మొలలోతు సముద్రం వచ్చింది. అందుకే కింద ఇసుక, పైన గవ్వలు. ఆ తర్వాత నేల లేచి కొండైంది. ఇంకా కదులుతూనే ఉందండీ. ఇదిగో, ఈ పగులు మీద మాత్రం ఏమీ కట్టకూడదు."

మంత్రిగారు తింటున్న ఉప్పుపల్లీల పొట్లం పీఏకిచ్చి, రాయి అందుకుని కొరికారు.

"ఉప్పగా ఉంది! సముద్రం ఇక్కడే ఉందయ్యా!"

పీఏ కూడా నాలుగు పల్లీలు నోట్లో వేసుకుని రాయి కొరికాడు. ఆయనకీ ఉప్పగానే తగిలింది. పొట్లం, రాయి చేతులు మారుతూ పోయాయి. అధికారులంతా వరసగా కొరికి ఏకగ్రీవంగా తీర్మానించారు. ఒకాయన పన్ను విరిగితే దాన్ని త్యాగం కింద నమోదు చేశారు.

రేవు కార్యాలయం సరిగ్గా పగులు మీదే లేచింది. అక్కడ చదునుగా ఉందట. రాళ్ళాయన ఎక్కని మెట్టు లేదు, దిగని మెట్టు లేదు. అంతా చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. ఇంతలో గుమాస్తాగా చేస్తున్న ఆయన భార్యని ప్రమోషన్ మీద అక్కడికే వేశారు.

"వద్దే, సెలవు పెట్టు."

"పదేళ్ళకొచ్చిన ప్రమోషన్‌కి సెలవా? మీ రాళ్ళు కోట్ల ఏళ్ళకోసారి కదులుతాయి. నేను అయిదింటికల్లా ఇంటికొచ్చేస్తాను."

ఆవిడ లేని ఇల్లు ఆయన ఊహకే అందలేదు.

ప్రారంభోత్సవానికి ముందురోజు పీఏ స్వయంగా వెతుక్కుంటూ వచ్చాడు. "సార్, ఆ పగులు ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఉందో కాస్త సున్నంతో గీత గీసి పెడతారా? ఎటువైపు భద్రమో కూడా చెప్పండి."

రాళ్ళాయనకి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళకి ఒకరు అడిగారు! మండుటెండలో వంగి, భవనం చుట్టూ గీత గీశాడు. గీత లోపల ప్రమాదం, అవతల గట్టినేల అని రెండుసార్లు చెప్పాడు.

మర్నాడు వెళ్ళి చూస్తే భవనం ఎక్కడిదక్కడే ఉంది. వేదిక మాత్రం గీతకి అవతల వేశారు. మంత్రిగారి కుర్చీ, కారు, పీఏ, పల్లీల పొట్లం కూడా అవతలే. ఇవతల, భవనంలో, సిబ్బంది. మేడమీద కిటికీలోంచి భార్య లైఫ్ జాకెట్ వేసుకుని ఆయనకి చెయ్యి ఊపింది.

"సముద్రం వచ్చినా, భూకంపం వచ్చినా మేం మీ వెంటే ఉంటాం!" అన్నారు మంత్రిగారు.

చప్పట్లు మోగుతుండగా రాళ్ళాయన భార్యని కిందికి దించుకురావడానికి పరుగున గీత దాటాడు. వెనకనించి పీఏ కంగారుగా కేకేశాడు.

"అటు వెళ్ళకండి సార్! అది ప్రమాదం!"