హ్యాండిల్ లేని క్రాస్‌బో

వీధి వీధంతా ఖాళీ కావడానికి, ఫైరింజన్ రావడానికి, ఒక ప్రభుత్వ అధికారి గంటన్నరసేపు బొమ్మలా నిలబడిపోవడానికి కారణం ఎవరు? మీరే. క్రీడా పరికరాల తనిఖీ కార్యాలయంలో కూర్చుని, "రూపకర్త విద్యార్హత జతపరచలేదు" అని ఒకే ఫైలును రెండుసార్లు వెనక్కి పంపిన మీరే. ఏడో తరగతితో బడి మానేసిన ఫిట్టర్‌కు బుర్ర ఉండకూడదని ఏ నిబంధనలో ఉందో చూపించండి.

ఆ ఫిట్టరమ్మ చేసింది ట్రిగ్గర్ నొక్కి బాణం వేసే అడ్డవిల్లు, అదే క్రాస్‌బో. కానీ మామూలుది కాదు. హ్యాండిల్ తిప్పితే నారి వెనక్కి వస్తుంది, ఎదురు తిప్పితే మెల్లగా వదులవుతుంది, మధ్యలో చెయ్యి తీసేసినా పళ్లచక్రం జారదు. అసలు గొప్పతనం లోపలుంది. బాణం పెట్టకుండా వదిలితే క్రాస్‌బో రెక్కలు ముక్కలై మనిషి మొహం మీదకు వస్తాయి. అందుకని బాణం కూర్చునే చోట ఆమె గోరంత ఉక్కు నాలుక పెట్టింది. బాణం దాన్ని నొక్కితేనే ట్రిగ్గర్‌కు ప్రాణం. లేకపోతే ఏనుగు వచ్చి నొక్కినా పేలదు. పాత తలుపు తాళంలోంచి తీసిన ముక్కలను అరగదీసి, పందొమ్మిది పాడుచేసి, ఇరవయ్యోది కుదిర్చింది.

ఆ ఇంట్లో ఇంకో విశేషం ఉంది. అన్ని యంత్రాలకూ ఆమె ఒకే కొలత ఇరుసు పెట్టింది. అత్తగారి పిండి మర, కింద ఆమె భర్త నడిపే టైలర్ షాపు షట్టర్, ఈ క్రాస్‌బో, అన్నిటికీ కలిపి ఒకటే హ్యాండిల్. ఆమెకు అది గర్వం. మిగతావాళ్లకు రోజూ కేకలు.

ఆ ఉదయం అనుకున్నది చాలా చిన్న పని. పది గంటలకు తనిఖీ అధికారి వస్తాడు, ఆమె మూడు బాణాలు వేసి చూపిస్తుంది, ఆయన సంతకం పెడతాడు. మూడోసారీ కాదంటే ఫైలు శాశ్వతంగా మూసేస్తారు. అందుకే ముందుగానే నారి పూర్తిగా లాగి సిద్ధంగా ఉంచింది.

"అమ్మాయ్, హ్యాండిల్ పడెయ్! షట్టర్ ఎత్తాలి!" కింద నుంచి అత్తగారు అరిచింది.

రోజూ ఉన్న అలవాటే. ఆమె హ్యాండిల్ ఊడదీసి కిటికీలోంచి జారవిడిచింది. షట్టర్ లేచాక, ఎక్కడా పోకుండా ఉంటుందని, అత్తగారు దాన్ని బాణాల సంచిలో వేసింది. ఆ సంచి పట్టీ కుట్టడానికి షాపులోనే ఉంది. టైలర్ దాన్ని కస్టమర్ చొక్కాల సంచి అనుకుని భుజాన వేసుకుని బస్సెక్కాడు.

బాణాలు పోయాయి, హ్యాండిల్ పోయింది, క్రాస్‌బో మాత్రం ఎక్కుపెట్టే ఉంది. ఆమె మెట్లు దిగి వెతకబోయేలోగా అధికారి మెట్లెక్కి వచ్చాడు. "ఇదేనా?" అంటూ బల్ల మీదున్న దాన్ని ఎత్తి, గోడవైపు తిప్పి, ట్రిగ్గర్ మీద వేలు పెట్టాక గానీ నారి వంక చూడలేదు.

"అమ్మా, ఇది లాగి ఉందా?"

"లాగే ఉంది సార్."

"మరి బాణం?"

"లేదు సార్."

ఆయన మొహం సున్నం కొట్టినట్టయింది. బాణం లేకుండా వదిలితే ఏమవుతుందో ఆయనకు బాగా తెలుసు. దాని మీద కరపత్రం రాసింది ఆయనే.

"ఏం కాదు సార్, పేలదు. ఇటివ్వండి."

"దగ్గరికి రావద్దు! మీరు కదిలితే నేను కదుల్తా!"

"లోపల నాలుక ఉంది సార్. ఫైల్లో బొమ్మ గీశా కదా."

"మీరు గీస్తే సరిపోతుందా? డిప్లొమా ఉన్నవాడు గీశాడా?"

"ఆ డిప్లొమా మీ దగ్గరుందిగా బాబూ," అంది అప్పుడే పైకొచ్చిన అత్తగారు. "మొహానికి అడ్డం పెట్టుకోండి."

ఎదురింటివాళ్లు కిటికీలోంచి చూసి ఫోన్ చేశారు. పైన ఒకడు ఆయుధంతో నిలబడ్డాడన్న మాట పక్కింటికి చేరేసరికి ఆ ఒకడు ముగ్గురయ్యారు. వీధి చివరకు చేరేసరికి బందీలు కూడా పుట్టుకొచ్చారు. ఫైరింజన్ దిగింది. మైకు గర్జించింది.

"ఆయుధం పట్టుకున్న వ్యక్తీ! దాన్ని కింద పెట్టు!"

"పెట్టలేనయ్యా! నేను ప్రభుత్వ అధికారిని!"

"అయితే ఇంకా మెల్లగా పెట్టు!"

నిచ్చెన వచ్చి కిటికీ చట్రానికి ధన్‌మని తగిలింది. అధికారి ఉలిక్కిపడ్డాడు. వేలు ట్రిగ్గర్‌ను గట్టిగా నొక్కేసింది. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఏమీ కాలేదు. వేలు మాత్రం వణుకుతూ, ఆయన మాటే విననట్టు, మళ్లీ మళ్లీ నొక్కుతూనే ఉంది.

"ఒకటి," అంది అత్తగారు. "రెండు. మూడు."

ఇంతలో టైలర్ ఆయాసపడుతూ వచ్చాడు. "చొక్కాలని విప్పితే బాణాలొచ్చాయే! కస్టమర్ దడుచుకుని తలుపేసుకున్నాడు!"

సంచిలోంచి హ్యాండిల్ తీసి, అధికారి చేతుల్లో ఉండగానే ఆమె దాన్ని తగిలించి ఎదురు తిప్పింది. నారి నిద్రపోయినట్టు వదులైంది.

నిచ్చెన మీది ఫైర్ ఆఫీసర్ ముందు క్రాస్‌బోను చూశాడు, తర్వాత ఆమెను చూశాడు. "ఎన్నిసార్లు నొక్కాడు?"

"పదకొండు," అంది అత్తగారు.

"సార్, మీ నియమాల పుస్తకంలో ఏముంది?" అంది ఫిట్టరమ్మ. "అర్హత ఉన్న అధికారి స్వయంగా పదిసార్లు ఖాళీగా నొక్కి చూడాలి, ఒక్కసారి కూడా పేలకూడదు. ప్రమాదమని ఆ పరీక్షను రెండుసార్లు మీరే వాయిదా వేశారు."

"పదకొండోది మా తరఫున కొసరు," అంది అత్తగారు.

ఫైర్ ఆఫీసర్ హెల్మెట్ తీశాడు. "ఎవరు చేశారమ్మా దీన్ని?"

"నేనే," అంది ఆమె.

"తాళం మాత్రం మా దొడ్డి తలుపుది," అంది అత్తగారు ఛాతీ విరుచుకుని. "నేనే ఇచ్చా."

అధికారి రెండు గ్లాసుల నీళ్లు తాగాడు. సంతకం పెట్టలేదు. హ్యాండిల్‌ను కాగితంలో చుట్టి, "పరిశీలన నిమిత్తం" అని రాసి, మీ కార్యాలయానికి తీసుకొచ్చేశాడు.

కాబట్టి ఇప్పుడు చేయాల్సింది వినండి. ఆ ఫైలు తెరవండి. పదకొండు పరీక్షలూ నెగ్గిందని రాయండి. రూపకర్త అన్న గడిలో ఆమె పేరు, విద్యార్హత గడిలో ఏడో తరగతి అని కనపడేంత పెద్ద అక్షరాలతో రాసి, ఈరోజే సంతకం పెట్టండి.

హ్యాండిల్ కూడా ఇచ్చేయండి, మూడు రోజులుగా షాపు షట్టర్ దిగలేదు.