పెళ్లి కారుకు మంచు టైర్లు

ఆ రోజు పొద్దున హన్మాండ్లు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. తన వీసాకు పూచీపడిన అరబ్బు యజమాని, కఫీల్, కొత్తగా కొన్న కారుకు టైర్లు మార్చాలి. దాన్ని నడుపుకుంటూ సత్వా రౌండెబౌట్ దగ్గరికి వెళ్లాలి. కల్బా ఊరి నుంచి పెళ్లికి వచ్చే కఫీల్ చుట్టాల కార్లు అక్కడ ఆగి ఉంటాయి. వారికి దుబాయ్ రోడ్లు తెలియవు కనుక, తాను ముందు నడుస్తూ వారిని జుమేరాలో ఉన్న కఫీల్ ఇంటికి చేర్చాలి. మధ్యాహ్నం కఫీల్ కొడుకు అదే కారెక్కి తన పెళ్లికి బయలుదేరుతాడు. ఇదంతా సవ్యంగా జరిగితే మర్నాటి నుంచి టైర్ల షాపులోని ఖాళీ కుర్చీ హన్మాండ్లుది. ఆ మాట కఫీల్ స్వయంగా అన్నాడు.

ఆ కుర్చీ ఖాదర్ హుస్సేన్‌ది. ఆ టైర్ల షాపుకు ఆయనే మొదటి ఉస్తాద్, అంటే పెద్ద మేస్త్రీ. పాత ట్యూబుల్ని పట్టీలుగా కోసి, ఇనుప చట్రానికి తన చేతులతోనే అల్లుకున్నాడు. ఆయన పోయి ఏడాది కావస్తోంది. అప్పటి నుంచి ఆ కుర్చీని ఎవరూ జరపలేదు, అందులో ఎవరూ కూర్చోలేదు. షట్టర్ తీయగానే హన్మాండ్లు ఒకసారి తుడిచేవాడు, తర్వాత తోటి పనివాడు సనావుల్లా ఒకసారి తుడిచేవాడు. ఒకరు తుడిచింది ఇంకొకరికి చాలేది కాదు.

కారు జర్మనీ నుంచి ఓడలో దిగింది. ఎర్రటి స్పోర్ట్స్ కారు, రెండే తలుపులు, ఇంజిన్ వెనకాల. చలికాలంలో అమ్మినవాడు మంచులో నడిచే టైర్లతోనే పంపేశాడు. మెత్తటి రబ్బరు, లోతైన గాడులు, వాటి మధ్య బ్లేడుతో గీసినట్టు సన్నటి చీలికలు. గడ్డకట్టిన రోడ్డును పట్టుకోవడానికి చేసిన టైర్లవి. దుబాయ్‌లో వీటితో పనేమిటి, తీసెయ్యండని కఫీల్ వేరే టైర్లు తెప్పించి షాపులో పెట్టించాడు. ఆ కారు మీద ఆయనకు పట్టుదల ఉంది. కల్బాలో ఉన్న పెదనాన్న కొడుకు ఫోన్లో దాని సంగతి విని, ఆ ఎర్ర పురుగు మా వాకిట్లో ఇసుకను కూడా దాటజాలదని నవ్వాడట.

సనావుల్లా జాకీ ఎత్తుతుండగా వాన మొదలైంది. దుబాయ్‌లో వాన అరుదు కనుక అది పోవడానికి కాలువలూ అరుదే. కాసేపటికే షాపు ముందు సందు నిండిపోయింది.

"ఆగు తమ్మీ. జాకీ దించు," అన్నాడు హన్మాండ్లు.

"ఏమన్నా? టైమైతాంది."

"గీ టైర్ల గాడులు జూడు, ఎంత లోతున్నయో. కొత్తయి జూడు, నున్నగున్నయ్. వానల ఏది వట్టుకుంటది?"

"కఫీల్ మార్చమన్నాడు గదన్నా."

"కఫీల్ జెప్పినప్పుడు వాన లేదు."

సనావుల్లా జాకీ దించాడు. హన్మాండ్లు దుబాయ్ రాకముందు ఆర్మూరు దగ్గర పల్లెలో ట్రాక్టరు నడిపాడు. ఆ సంగతి షాపుకు వచ్చే ప్రతివారికీ తెలుసు. "నాట్లప్పుడు బురదల ట్రాక్టర్ దోలినోన్ని నేను. గాడి లోతుంటే బండి ఆగది. నువ్వేమో కడపల సైకిల్ పంక్చర్లు ఏసినోనివి."

"సైకిల్ గూడా వానలో పోతాదన్నా."

హన్మాండ్లు ఆ మాట పట్టించుకోలేదు. అతనికి అప్పటికే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ దేశంలో ఇసుకలో దిగేముందు టైర్లలో సగం గాలి తీసేస్తారు. టైరు వెడల్పై ఇసుక మీద పరుచుకుంటుంది, బండి దిగబడదు. అది అక్కడ అందరూ చేసే పనే.

"ఇసుకల ఇబ్బంది కావద్దని గాలి తీస్తం గదా. నీళ్లల గూడ తియ్యాలె. అదీ జారేదే, ఇదీ జారేదే."

"ఉస్తాద్ ఎప్పుడన్నా వానకు గాలి తీసినాడా?"

"ఉస్తాద్ ఉండంగ ఇంత వాన యాడ వడ్డది?"

సనావుల్లా ఒక్కో చక్రం దగ్గరా గొంతుక్కూర్చుని గాలి తీశాడు. హన్మాండ్లు గొడుగు పట్టుకుని "ఇంక జర, ఇంక జర" అంటూ నిలబడ్డాడు. బురదలో లోతు గాడులు మంచివన్నది నిజమే. ఇసుకలో గాలి తీయాలన్నదీ నిజమే. అయితే వారు వెళ్లవలసింది తారు రోడ్డు మీద.

సనావుల్లాను పక్కన ఎక్కించుకుని బయలుదేరాడు. సందులో ఉన్నంతసేపు కారు బుద్ధిగానే నడిచింది. పెద్ద రోడ్డెక్కాక తేడా తెలిసింది. ఎముకలు కొరికే చలిలోనూ గట్టిపడకుండా చేసిన రబ్బరు, దుబాయ్ వానలో మరీ మెత్తబడింది. పైగా గాలి సగమే. స్టీరింగ్ తిప్పితే ముందు టైర్లు వంగాయి, అవి వంగడం అయ్యాక కారు కాస్త ఆలోచించుకుని తిరిగింది. బ్రేకు నొక్కితే ఆగవలసిన చోటు దాటాక ఆగింది.

"ఏందన్నా, పరుపు మీద పోతాన్నట్టుంది."

"గదే పట్టు. రోడ్డును మెల్లగ వట్టుకుంటాంది."

రౌండెబౌట్ పక్కన కల్బా వారి కార్లు బారుగా నిలబడి ఉన్నాయి. పెళ్లికని అందరూ కొత్త, పొడవాటి అమెరికా కార్లే తెచ్చారు. ఇసుకలో నడిచే జీపులు ఇళ్ల దగ్గర వదిలేశారు. ఎర్ర కారు కనబడగానే హారన్లు మోగించి దాని వెనక కదిలారు. హన్మాండ్లు నిటారుగా కూర్చుని రౌండెబౌట్‌లోకి తిప్పాడు. జుమేరా వైపు దారి రాగానే స్టీరింగ్ కుడికి కోశాడు. ఆ మలుపులో నీళ్లు నిలిచి ఉన్నాయి. వెడల్పైన ముందు టైర్లు వాటి మీద తేలాయి. కారు తిరిగేలోపు దారి దాటిపోయింది.

"పోయిందన్నా."

"మల్లొస్తది. గుండ్రంగనే ఉంది గదా."

మళ్లీ వచ్చింది, మళ్లీ పోయింది. వెనక కల్బా వారు ఒక్కరూ వరుస తప్పలేదు. పెళ్లికొడుకు కారుతో ఇట్లా చుట్లు తిరగడం దుబాయ్ వాళ్ల కొత్త పద్ధతి కాబోలనుకుని, కిటికీలు దించి చప్పట్లు మొదలుపెట్టారు. చప్పట్లు విని దుకాణాల్లోని వారు వానలోకి వచ్చారు. రెయిన్‌కోటులో ఉన్న పోలీసు ఇదేదో పెద్దింటి ఊరేగింపని మిగతా బండ్లన్నీ ఆపి సెల్యూట్ కొట్టాడు. దాంతో వేరే బండి వెనక చేరి నెమ్మదిగా బయటపడే వీలు కూడా లేకపోయింది.

"సూడు తమ్మీ. మనల జూసి పోలీసు గూడ సలాం గొడుతుండు."

"అన్నా, ఇంకెన్ని చుట్లు?"

"పెండ్లన్నంక తిరగాలె."

చివరికి హన్మాండ్లు లెక్క మార్చాడు. కారు ఆలస్యంగా తిరుగుతోంది గనుక, దారి రాకముందే స్టీరింగ్ తిప్పాలి. అట్లాగే తిప్పాడు. అయితే అన్ని కార్లు తిరిగి తిరిగి ఆ పక్కనున్న నీళ్లన్నీ చిమ్మేశాయి. ఈసారి టైర్లు వెంటనే పట్టుకున్నాయి. కారు ఒక దారి ముందే బయటికి దూకింది. అది రోడ్డు కాదు, ఇళ్లు కట్టడానికి కొత్తగా ఇసుక పోసిన మైదానం. దాని అవతలే కఫీల్ ఇంటి గుడారాలు కనబడుతున్నాయి.

"బ్రేకన్నా, బ్రేకు!"

బ్రేకు సంగతి తెలిసినవాడు కనుక హన్మాండ్లు దాని జోలికి పోలేదు. అక్కడి నుంచి ఆ కారు, పుట్టినప్పటి నుంచీ ఇందుకే ఎదురుచూసినట్టు నడిచింది. సగం గాలి టైర్లు తడి ఇసుక మీద పరుచుకున్నాయి. లోతు గాడులు దాన్ని తవ్వుకుంటూ పోయాయి. ఇంజిన్ బరువంతా వెనక చక్రాల మీదే ఉంది. వెనక హారన్లు ఒక్కొక్కటీ ఆగిపోయాయి. చివరికి ఒక్కటీ వినబడలేదు.

కారు గుడారం తాడు తెంపుకుని, మాంసం ఉడుకుతున్న పెద్ద గుండిగ పక్కన ఆగింది. హన్మాండ్లు దిగి వెనక్కి చూశాడు. కల్బా వారి కార్లన్నీ చక్రాల సగం దాకా ఇసుకలో కూర్చున్నాయి. తెల్లటి బట్టల్లో పెద్దమనుషులు చెప్పులు చేత పట్టుకుని వానలో నడిచి వస్తున్నారు. హన్మాండ్లు కళ్ల ముందు ట్యూబు పట్టీల కుర్చీ కదిలింది. ఆ తర్వాత తనను ఇంటికి పంపేసే బొంబాయి విమానం కదిలింది.

కఫీల్ వచ్చాడు. ముఖంలో నవ్వు లేదు. కారు చుట్టూ తిరిగాడు. వంగి టైరును బొటనవేలితో నొక్కాడు. అది లోపలికి పోయింది.

"హవా కౌన్ నికాలా?" గాలి తీసిందెవరని అడిగాడు.

పొద్దున్నుంచీ ప్రతిదానికీ "నేనే" అన్న హన్మాండ్లు ఆ ఒక్కసారికి వేలు పక్కకు చూపించాడు. "సనావుల్లా," అన్నాడు.

"పాత టైర్లు మార్చొద్దన్నదెవరు?"

"గదీ సనావుల్లానే. నేను మార్చుమనే అన్న."

సనావుల్లా నోరు తెరిచాడు. అందులోంచి మాట రాకముందే కఫీల్ అతన్ని రెండు చేతులా దగ్గరికి తీసుకుని, ముక్కుకు ముక్కు ఆనించాడు. ఆ గౌరవం ఆ షాపులో ఖాదర్ హుస్సేన్‌కు తప్ప ఎవరికీ దక్కలేదు. తర్వాత కఫీల్ ఇసుకలో నడిచి వస్తున్న పెదనాన్న కొడుకు వైపు తిరిగి, తన పురుగు ఇసుక దాటిందని, దిగబడినవి వారి కార్లేనని ఊరంతా వినబడేలా అరిచాడు. పెదనాన్న కొడుకు చెప్పులు దులుపుకున్నాడు.

"ఖలాస్, తేలిపోయింది," అన్నాడు కఫీల్ సనావుల్లా భుజం తట్టి. "రేపటి నుంచి ఉస్తాద్ నువ్వే."

హన్మాండ్లు సాయంత్రం దాకా తాడు కట్టి కార్లు లాగాడు.

మర్నాడు షట్టర్ తీశాక సనావుల్లా కుర్చీని తుడిచి, పక్కన నిలబడ్డాడు. "నాకెందుకన్నా ఇది. చెప్పింది నువ్వే గదా. నువ్వే కూర్చో."

హన్మాండ్లు కుర్చీ వైపు కాసేపు చూశాడు. తన గుడ్డతో ఇంకోసారి తుడిచాడు. "కఫీల్ మాటంటే మాటే. కూసో తమ్మీ."

సనావుల్లా అంచు మీద కూర్చున్నాడు. ట్యూబు పట్టీలు కిర్రుమన్నాయి. ఏడాదిగా షాపులో వినబడని చప్పుడది.

మంచు టైర్లను కఫీల్ ఎండాకాలం దాకా తియ్యనివ్వలేదు. మే నెలకు అవి సబ్బుబిళ్లల్లా అరిగిపోయాయి. ఈలోగా షాపుకు వచ్చినవారెవరైనా ఉస్తాద్ ఎవరని అడిగితే, హన్మాండ్లు రొమ్ము విరుచుకుని కుర్చీ వైపు చెయ్యి చూపించేవాడు. "ఆయనే. కాని గాలి తీసుడు నేర్పింది నేను."

కఫీల్ షాపుకు వచ్చిన రోజున మాత్రం ఆ రెండో మాట అనేవాడు కాదు.